గోదావరి కాటన్, కాసాయి కాలువ

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని ట్రాఫిక్ ప్రాంతం నుంచి మిడ్నాపూర్ వెళ్లేవారు కంసావతి నదిని దాటుతారు. స్థానికులు దానిని కాసాయి అంటారు. ఆ నదిపై వెలసిన పాత ఆనకట్టకూ, తెలుగువారి ధవళేశ్వరం ఆనకట్టకూ వెనుక ఉన్న ఆలోచన ఒక్కరిదే. ఆయన సర్ ఆర్థర్ కాటన్.

1803లో ఇంగ్లండులో జన్మించిన కాటన్ 1821లో మద్రాసు చేరుకున్నారు. కావేరి పనులలో ఆరితేరి, 1847లో గోదావరి ఆనకట్టకు పూనుకుని 1852 నాటికి పూర్తి చేయించారు. 1858లో ఒరిస్సా నదులపై ఆయన చేసిన సిఫారసుల నుంచి ఈస్టిండియా ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పథకం రూపుదిద్దుకుంది. మిడ్నాపూర్ కాలువ అందులో భాగమే.

అయితే కాటన్ తరహా ఆనకట్ట జలాశయం కాదు. నదిలో వచ్చిన నీటిని కాలువలకు మళ్లించడమే దాని పని. వానలు వెలిశాక నదికి వచ్చే నీటిలో అధిక భాగం భూగర్భజలపు ఊట. ఆ ఊట ఎంతకాలం నిలుస్తుందో నేల తీరు నిర్ణయిస్తుంది. వాలు నిటారుగా ఉండి, పలుచని మట్టి కింద గట్టిరాయి ఉంటే వాననీరు ఇంకేలోగానే జారిపోతుంది. నేల లోతుగా ఉండి, లోయ భూగర్భజల మట్టం కంటే దిగువకు కోసుకుపోయి ఉంటే ఇంకిన నీరు నెలల తరబడి నదిలోకి ఊరుతుంది.

గోదావరికి మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన పరీవాహకం ఉంది. ఇంద్రావతి, శబరి అడవులున్నాయి, ప్రాణహిత లోయలో ఇసుకరాతి పొరలున్నాయి. వేసవిలోనూ ధార తెగలేదు. కాసాయి పుట్టింది పురూలియా గట్టిరాతి మిట్టలలో. వర్షాకాలంలో పొంగే ఆ నది వేసవిలో ఇసుకలో సన్నని పాయగా మిగులుతుంది. ధవళేశ్వరంలో ఫలించిన పద్ధతికి ఇక్కడ అంతటి ఆసరా లేదు.

కంపెనీ మాత్రం వేరే చిక్కులలోనూ పడింది. పెట్టుబడి చాలలేదు, ఒరిస్సా రైతులు నీటి రుసుముకు వెనుకాడారు. 1868లో ప్రభుత్వమే పనులను కొనుగోలు చేసింది. కాసాయి వాననీటిని పైనే నిలిపే ముకుట్‌మణిపూర్ జలాశయం పనులు 1956లో గాని మొదలుకాలేదు.

కాటన్ 1860లో ఉద్యోగ విరమణ చేసి, మరుసటి ఏడాది సర్ బిరుదు పొందారు. రైళ్లకంటే కాలువలే ఈ దేశానికి మేలని జీవితాంతం వాదించారు. 1899 జూలై 24న డోర్కింగ్‌లో కన్నుమూశారు. తెలుగు కుటుంబాలను ఖరగ్‌పూర్ చేర్చిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ కాలంలోనే ఈ ఎర్రరాతి మిట్టపై జంక్షనును నిర్మిస్తోంది.