గంటలు కొట్టిన జాన్ బన్యన్

ధ్యాన భాగము: రోమా 10:17

మన కమలాపురం ప్రాంతపు గ్రామములలో ఆదివారమున మొదటి గంటకు స్త్రీలు వంట ముగింతురు, రెండవ గంటకు బిడ్డలతో బయలుదేరుదురు. గంట కొట్టువాడు తన దెబ్బను తానే వినవలెను. వినక త్వరపడినయెడల మ్రోతలు కలిసిపోయి, అది ఆరాధనకు పిలుపో చావు కబురో ఎవరికిని తెలియదు. ఈ సంగతి బాగుగా నెరిగిన భక్తుడొకడు ఇంగ్లాండులో నుండెను.

జాన్ బన్యన్ 1628లో బెడ్‌ఫర్డు పట్టణము దగ్గర ఎల్‌స్టో అను పల్లెలో పుట్టెను. తండ్రి చిల్లులు పడిన పాత్రలకు మాట్లు వేయువాడు. కుమారుడును ఆ పనియే నేర్చెను. ఆ పల్లెలో గంటల గోపురము దేవాలయమునకు ఎడముగా నిలిచియున్నది. అచ్చట ఒక్కొక్క గంట త్రాటికి ఒక్కొక్క మనుష్యుడు ఉండును. త్రాడు లాగిన తక్షణమే పెద్ద గంట పలుకదు. కనుక ప్రతివాడు తన గంట నాదమును తక్కిన వాటిలో గుర్తుపట్టి, అది తన వంతున పలుకునట్లు చేయి నడపవలెను. బన్యన్‌కు ఇందు మిక్కిలి ప్రీతి.

ఆ దినములలో అది యౌవనస్థుల వినోదమై యుండెను. వివాహమైన పిమ్మట మనస్సాక్షి గద్దింపగా ఆయన దానిని మానుకొనెను. అయినను చూచుటకు పోవుచుండెను. గంట మీద పడునేమోయని దూలము క్రింద నిలిచెను, తరువాత గోపుర ద్వారమున నిలిచెను, తుదకు గోపురమే కూలునని పారిపోయెను. గంటలు విడిచినను సమాధానము దొరకలేదు.

ఒకనాడు పనిమీద బెడ్‌ఫర్డు వీధిని పోవుచుండగా, ఒక గుమ్మమునొద్ద ఎండలో కూర్చున్న బీద స్త్రీలు, దేవుడు తమ హృదయములలో చేసిన కార్యమును గూర్చి మాటలాడుకొనుచుండిరి. బన్యన్ దగ్గరకు వచ్చి వినెను. మత సంగతులు తనకు తెలియుననుకొనినవాడు, వారి సంతోషము తనకు లేదని గ్రహించెను. మరల మరల వారియొద్దకు పోయెను. తుదకు వారి సంఘములో చేరి, వాక్యము బోధింప నారంభించెను.

1660లో అధికారులు ఆయనను చెరలో వేసిరి. ఇక బోధింపనని మాట ఇచ్చినచో విడుదల కలుగును. ఇంటిలో గ్రుడ్డిదైన కుమార్తె మేరి యుండెను. ఆ బిడ్డ తలపు ఆయనకు చెరకంటె కఠినమైన బాధ. అయినను మాట ఇయ్యలేదు. 12 సంవత్సరములు చెరలో నుండి, జోళ్ల దారములు సిద్ధపరచి కుటుంబమును పోషించెను. 1678లో ఆయన యాత్రికుని ప్రయాణము వెలువడెను. 1688లో లండనులో ప్రభువునందు నిద్రించెను.

ఆ గ్రంథములో యాత్రికుడు నది దాటి పరలోక పట్టణము ప్రవేశించునప్పుడు, ఆ పట్టణపు గంటలన్నియు సంతోషముతో మ్రోగెనని వ్రాసెను. ఒకప్పుడు గంటల క్రిందనుండి భయముతో పారిపోయినవాడే ఈ మాట వ్రాసెను!

ప్రియ సహోదరులారా, 1822లో కడపలో పని ప్రారంభించిన లండను మిషనును విశేషముగా పోషించినవారు బన్యన్ సంఘమువంటి స్వతంత్ర సంఘములవారే. గంట నాదమును పట్టిన చెవి వాక్యమునకు మూతపడి యుండవచ్చును. గంట కొట్టు సహోదరుడా, ఊరిని పిలిచిన పిమ్మట నీవును లోపలికి వచ్చి వినుము. వాక్యము బీద తల్లి నోటనుండి వచ్చినను చెవి యొగ్గుదము.