నొప్పి మీద కత్తి దూసిన వైద్యుడు రెనే లెరీష్

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్స్ సైనిక ఆసుపత్రులకు కొందరు క్షతగాత్రులు వింత బాధతో వచ్చేవారు. తూటా దెబ్బ మానినా చేయి మాత్రం నిప్పుల్లో పెట్టినట్లు మండుతూనే ఉండేది. గాలి సోకినా, దుప్పటి అంచు తగిలినా ఓర్వలేక వారు చేతికి తడిగుడ్డ చుట్టుకుని కూర్చునేవారు. అమెరికా అంతర్యుద్ధంలో ఇలాంటి సైనికులనే చూసిన ఫిలడెల్ఫియా వైద్యుడు వియర్ మిచెల్, 1872 నాటికి ఈ బాధకు కాసాల్జియా అన్న పేరు స్థిరపరిచారు. పేరు దొరికింది గాని మందు దొరకలేదు.

1879లో రోవాన్‌లో జన్మించి, లియోన్‌లో వైద్యం అభ్యసించిన రెనే లెరీష్ ఈ బాధకు మూలం కేవలం తెగిన నాడి కాదని భావించారు. రక్తనాళాలను అల్లుకుని, మన ప్రమేయం లేకుండానే వాటిని ముడిచే, సడలించే సహానుభూత నాడులపై ఆయన దృష్టి పడింది. చేతి ధమని పైపొరను, దానితోపాటు ఆ సన్నని నాడీతంతువులను ఒలిచివేసే శస్త్రచికిత్స చేశారు. కొందరికి మంట చల్లారింది. అందరికీ కాదు, చల్లారినవారిలోనూ కొందరికి తిరగబెట్టింది.

ఆయన గొప్పతనం ఇక్కడే కనబడుతుంది. తన పేరు తెచ్చిన పద్ధతినే పట్టుకుని వేలాడలేదు. తరువాతి కాలంలో స్ట్రాస్‌బర్గ్‌లో సహచరుడు రెనే ఫాంటేన్‌తో కలిసి, మెడ అడుగున ఉన్న నాడీగ్రంథి వద్దకు సూదితో నోవోకెయిన్ మందు పంపి మొద్దుబార్చే మార్గాన్ని అభివృద్ధి చేశారు. కోత లేదు, కుట్లు లేవు. మందు ప్రభావం కొద్దిసేపే అయినా, ఉపశమనం కొందరిలో అంతకు మించి నిలిచేది.

నొప్పి శరీరానికి మేలుచేసే హెచ్చరిక అన్న నాటి నమ్మకాన్ని ఆయన ఒప్పుకోలేదు. దీర్ఘకాలిక నొప్పి మనిషిని కుంగదీసే వ్యాధేనని 1937లో వెలువడిన తన గ్రంథంలో వాదించారు. అమెరికా హృద్రోగ శస్త్రవైద్యుడు మైకేల్ డిబేకీ కూడా ఆయన వద్ద శిక్షణ పొందినవారే.

జీవితంలో మచ్చ లేదనలేము. జర్మన్ ఆక్రమణ కాలంలో విషీ ప్రభుత్వం ఏర్పరచిన వైద్యుల మండలికి 1940లో ఆయన అధ్యక్షత స్వీకరించారు. 1942 వరకు కొనసాగారు. సైనికుడి నొప్పిని అంతగా అర్థం చేసుకున్న వ్యక్తి ఆ పదవిని ఎలా అంగీకరించారన్నది జీర్ణించుకోవడం కష్టం.

1955లో కాసీలో ఆయన కన్నుమూశారు. ధమనిపొర ఒలిచే శస్త్రచికిత్స దాదాపు కనుమరుగైంది. మెడలోని ఆ నాడీగ్రంథికి సూదిమందు ఇచ్చే పద్ధతిని మాత్రం నేడు మన దేశంలోని నొప్పి చికిత్సా విభాగాలలోనూ, అల్ట్రాసౌండ్ తెరపై సూదిమొనను చూసుకుంటూ, వైద్యులు అనుసరిస్తున్నారు.