గౌరాదేవి: రేణి అడవికి అడ్డు నిలిచిన తల్లి

కొమురం భీమ్ ఎవరో మన పిల్లలకు చెప్పనక్కరలేదు. గౌరాదేవి గురించి అడిగితే మాత్రం మా హాస్టల్లో పదో తరగతి పిల్లలు కూడా చిప్కో అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటారు. ఆమె కూడా మనలాగే ఒక గిరిజన తెగలో పుట్టిన స్త్రీ అని చాలామందికి తెలియదు. అందుకే ఈ సంచికలో ఆమె గురించి రాస్తున్నాము.

గౌరాదేవి 1925లో హిమాలయాల్లో, ఇప్పటి ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలోని లాతా గ్రామంలో భోటియా తెగలో పుట్టింది. బడికి వెళ్లలేదు. చిన్నతనంలోనే పెళ్లయి, దగ్గరలోని రేణి గ్రామానికి కోడలుగా వచ్చింది. ఇరవై రెండేళ్లకే భర్త పోయాడు. చంటిబిడ్డతో, అత్తమామలతో ఇల్లు నెట్టుకొచ్చింది. వాళ్ల పెద్దలు ఉన్ని తీసుకుని టిబెట్ దాకా వర్తకానికి వెళ్లేవారు. 1962 చైనా యుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది. సైన్యం అవసరాలకు ఊరివాళ్ల భూములు కూడా తీసుకున్నారు. పరిహారం మాత్రం ఏళ్ల తరబడి రాలేదు. ఈ పరిహారం సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా దాని మీదే తిరుగుతుంది.

1970లో అలకనందకు పెద్ద వరద వచ్చింది. పైన కొండలు బోడి కావడం వల్లే ఇలా అయిందని ఊళ్లవాళ్లకు అర్థమైంది. 1973లో నాగళ్లు, కాడిమాన్లు చేసుకోవడానికి అంగు చెట్లు కావాలని స్థానిక సహకార సంఘం అడిగితే అటవీశాఖ ఇవ్వలేదు. అవే చెట్లను అలహాబాద్‌లోని ఒక ఆటవస్తువుల కంపెనీకి కేటాయించింది. దున్నుకునేవాడికి లేని చెట్టు ఆటబ్యాట్లకు ఎక్కడి నుంచి వచ్చిందో! చండీప్రసాద్ భట్ నాయకత్వంలో జనం చెట్లను హత్తుకుంటామని తీర్మానించారు. చిప్కో అంటే అదే.

తర్వాతి ఏడాది రేణి అడవిలో 2,451 చెట్లు వేలంలో పోయాయి. మార్చి 26న పాత భూముల పరిహారం ఇస్తాం, చమోలీకి రండి అని కబురు వచ్చింది. మగవాళ్లంతా వెళ్లారు. అన్నేళ్లుగా రాని డబ్బు వస్తుందంటే ఎవరు వెళ్లరు? అదే రోజు కాంట్రాక్టరు కూలీలు ఊరికి ముందే బస్సు దిగి, నది పక్కనుంచి అడవిలోకి నడిచారు. ఒక చిన్నపిల్ల చూసి పరుగున వచ్చి చెప్పింది. గౌరాదేవి అప్పటికి ఊరి మహిళా మంగళ్ దళ్ అధ్యక్షురాలు. పొయ్యి మీది పని పొయ్యి మీదే వదిలి ఆడవాళ్లు, ఆడపిల్లలు కలిసి 27 మంది ఆమె వెంట నడిచారు.

అక్కడ కూలీలు వంట చేసుకుంటున్నారు. అడవి తమకు పుట్టినిల్లు లాంటిదని, మగవాళ్లు వచ్చేదాకా ఆగమని గౌరాదేవి వాళ్లకు నచ్చజెప్పింది. తాగి ఉన్న ఒకడు తుపాకీ చూపిస్తే, ముందు తననే కాల్చమని ఎదురుగా నిలబడింది. కూలీలు వెనక్కి తగ్గారు. అడవికి వెళ్లే బాటలో ఉన్న సిమెంటు పలకను కూడా ఆడవాళ్లు తొలగించేశారు. రాత్రంతా కాపు కాశారు. నిజానికి ఆ రోజు ఎవరూ చెట్టును హత్తుకోవలసిన అవసరమే రాలేదు.

ఇక్కడ మన ఊళ్ల సంగతి ఒకటి చెప్పాలి. మా పిల్లల ఇళ్లల్లో చేనుగట్టు మీది టేకు అమ్ముకున్నవారు ఉన్నారు. పెళ్లి ఖర్చుకో, పంట పెట్టుబడికో కాంట్రాక్టరు ముందుగా నాలుగు నోట్లు చేతిలో పెడతాడు. చుట్టుకొలత కొలవకుండానే గుత్తగా ధర కట్టేస్తాడు, తెల్లకాగితం మీద వేలిముద్ర తీసుకుంటాడు. చెట్టు పట్టా భూమిలో ఉన్నా, టేకు కొట్టి తరలించాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి. లారీ పట్టుబడితే చిక్కుల్లో పడేది వేలిముద్ర వేసినవాడే. అందుకే సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ కాగితం మీరు చదివి పెద్దలకు చెప్పండి. అనుమతి ఎవరి పేరున వచ్చిందో, ఎన్ని చెట్లకు వచ్చిందో అడగండి. అమ్మడం తప్పని మేము అనడం లేదు, అవసరాలు అందరికీ ఉంటాయి.

రేణి తర్వాత ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. అలకనంద ఎగువన పదేళ్లపాటు వ్యాపారం కోసం నరకడాన్ని నిషేధించారు. కానీ 1982లో అదే ప్రాంతంలో నందాదేవి జాతీయ పార్కు ఏర్పడ్డాక ఊరివాళ్లకే మేతకు, మూలికలకు దారి మూసుకుపోయింది. గొడ్డలి నుంచి కాపాడినవాళ్లే బయటివాళ్లయ్యారు. మాకు ఈ భాగమే ఎక్కువ బాధ కలిగిస్తుంది. గౌరాదేవి 1991లో కన్నుమూసింది. 1998లో ఆమె పుట్టిన లాతా గ్రామస్థులు తమ హక్కుల కోసం కదిలి ఆ పార్కులోకి నడిచారు.

2021 ఫిబ్రవరి 7న రిషిగంగ పొంగి రేణి దగ్గరి జలవిద్యుత్ కేంద్రాన్ని ఊడ్చుకుపోయింది. ఆ ఏడాదే ఊళ్లోని గౌరాదేవి విగ్రహాన్ని కూడా అక్కడి నుంచి తీసి జోషీమఠ్‌కు తరలించారు.