మంచులో జానమాజంత చోటు

బడి పుస్తకాల్లో బాబర్ 1526లో పానిపట్టు మైదానంలో ఉన్నట్టుండి ప్రత్యక్షమవుతాడు. గెలుస్తాడు, మరుసటి ఏడాది ఖాన్వాలో మళ్ళీ గెలుస్తాడు, 1530లో కన్నుమూస్తాడు. మన పిల్లలు బట్టీపట్టేది ఈ నాలుగేళ్ళ ముచ్చటే. కానీ హిందూస్థాన్‌లో అడుగుపెట్టి పాదుషా అయ్యేనాటికి ఆయనకు నలభై మూడేళ్ళు. అంతకుముందు కాలంలో చాలా భాగం కొండల్లో, గుడారాల్లో, మంచులో గడిచింది. ఆ సంగతులన్నీ ఆయనే తన తుర్కీ భాషలో రాసిపెట్టుకున్నాడు. మనం ఈ వారం చెప్పుకోబోయేది ఆ బాబర్ గురించే.

ఆయన 1483 ఫిబ్రవరి 14న ఫర్గానా లోయలోని అందిజాన్‌లో పుట్టాడు. ఇది నేటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. తండ్రి ఉమర్ షేక్ మీర్జాకు పావురాలంటే ప్రాణం. 1494లో లోయ అంచున ఉన్న పావురాల గూడు కూలి, దానితోపాటు ఆయనా పడి మరణించాడు. పన్నెండో ఏట బాబర్ గద్దెనెక్కాడు. సమర్‌ఖంద్‌ను 1497లో గెలిచి పోగొట్టుకున్నాడు, 1500లో మళ్ళీ గెలిచి మరుసటి ఏడాది ఉజ్బెకుల నాయకుడు షైబానీ ఖాన్‌కు వదులుకున్నాడు. చివరికి సొంత ఊరు కూడా చేజారింది.

ఇల్లూ రాజ్యమూ లేని ఆ రోజుల్లో ఆయన దిఖ్‌కత్ అనే కొండ పల్లెలో తలదాచుకున్నాడు. చెప్పులు లేకుండా కొండలెక్కి తిరిగేవాడు. కొన్నాళ్ళకు పాదాలు ఎంత రాటుదేలాయంటే, రాయి అయినా మట్టి అయినా తేడా తెలిసేది కాదు. ఆ ఊరిలో నూట పదకొండేళ్ళ అవ్వ ఒకామె ఉండేది. ఆమె బంధువు ఒకరు తైమూర్ సేనతో హిందూస్థాన్ వచ్చినట్టుంది. ఆ కథలు ఆమె చెబుతుంటే చెప్పుల్లేని ఈ యువరాజు కూర్చుని వినేవాడు.

ఆ చలికాలమే మరో సంగతి జరిగింది. ప్రయాణంలో ఉండగా ఇద్దరు ముగ్గురు మనుషులు చలికి చనిపోయారు. అంతటి చలిలో బాబర్‌కు గుస్ల్ చేయవలసి వచ్చింది. దగ్గరలో ఒక కాలువ కనిపించింది. రెండు ఒడ్లూ గడ్డకట్టాయి, నడుమ మాత్రం వడి వల్ల నీరు పారుతోంది. అందులో దిగి పదహారుసార్లు మునిగాడు. మర్నాడు ఉదయం గడ్డకట్టిన నది మీదుగా అవతలి ఒడ్డుకు నడిచాడు. ఫజర్‌కు లేచి వేన్నీళ్ళ కోసం చూసే మనకు ఇది చదువుతుంటేనే వణుకు పుడుతుంది.

1504 వేసవిలో ఫర్గానాపై ఆశ వదులుకుని దక్షిణానికి బయలుదేరాడు. వెంట ఉన్నవారు రెండు వందలకు పైన, మూడు వందలకు లోపు. చాలామంది కాలినడకనే, కాళ్ళకు మొరటు తోలు చెప్పులు, చేతిలో కర్రలు, భుజాన పొడవాటి అంగీలు. మొత్తం బృందానికి ఉన్నవి రెండే గుడారాలు. తన గుడారం తల్లి కుత్లుగ్ నిగార్ ఖానంకు ఇచ్చి, మజిలీ మజిలీకీ వేసే కంబళి పందిరి కింద తాను పడుకునేవాడు. ఈ పరివారంతోనే వెళ్ళి, దారిలో కలిసినవారిని కలుపుకుని, ఆ ఏడాది శరత్కాలంలో కాబూల్ పట్టుకున్నాడు. మరుసటి ఏడాది అక్కడే తల్లి కన్నుమూసింది.

ఇక మనం ప్రత్యేకంగా చెప్పుకోవలసింది 1506 చలికాలం. షైబానీ ఖాన్‌ను కలిసి ఎదుర్కొందామని తైమూర్ వంశపు మీర్జాలు పిలిస్తే బాబర్ హెరాత్ వెళ్ళాడు. అక్కడ విందులు సాగాయి గానీ యుద్ధ సన్నాహం సాగలేదు. అటు కాబూల్ ఏమైపోతుందోనన్న బెంగ. డిసెంబరు చివర, షాబాన్ నెలలో, తిరుగుప్రయాణం కట్టాడు. కాందహార్ మీదుగా పోతే దూరమైనా చలికాలంలో భయం లేదు. చిన్ననాటి నుంచీ వెన్నంటి ఉన్న ఖాసిం బేగ్ మాత్రం కొండదారే దగ్గరని పట్టుబట్టాడు. ఆ మాటే నెగ్గింది.

దారి చూపడానికి పీర్ సుల్తాన్ పషాయీ అనే వ్యక్తి వెంట వచ్చాడు. వయసు మీదపడో, బెదిరో, మంచు లోతు వల్లో అతడు దారి తప్పాడు. ఒకచోట ముందుకు పోలేక వెనక్కి వచ్చి, వంటచెరకు దొరికే తావున ఆగారు. కింది లోయలో చలికాలం గడుపుతున్న హజారాలలో ఎవరినైనా దారి చూపడానికి తెమ్మని అరవై డెబ్బై మందిని పంపారు. మూడు నాలుగు రోజుల తర్వాత వారు ఒట్టి చేతులతో వచ్చారు. అల్లాహ్‌పై భారం వేసి, ఆ పీర్ సుల్తాన్‌నే మళ్ళీ ముందుంచుకుని నడవడం తప్ప గత్యంతరం లేకపోయింది. తన జీవితంలో అంతటి కష్టం మరెన్నడూ పడలేదని బాబరే రాసుకున్నాడు. అప్పటికే ఆయన రెండుసార్లు సమర్‌ఖంద్ పోగొట్టుకున్నవాడని మనం మరచిపోకూడదు.

మంచును తొక్కి గట్టిపరిస్తే తప్ప గుర్రం నడవదు. సుమారు వారం రోజులు ఇదే పని. రోజంతా తొక్కినా రెండు మూడు మైళ్ళకు మించి సాగలేదు. తొక్కేవారు పది పదిహేను మంది. వారిలో బాబర్ ఒకడు, ఆ దారి పట్టించిన ఖాసిం బేగ్, అతని ఇద్దరు కొడుకులు, కొందరు పరివారం. అడుగు వేస్తే నడుము దాకా, ఒక్కోసారి రొమ్ము దాకా దిగబడేది. ముందున్నవాడు కొన్ని అడుగులు వేసి ఊపిరందక నిలబడిపోతే వెనకవాడు ముందుకు వచ్చేవాడు. ఆ బాటలో రౌతు లేని గుర్రాన్ని లాగేవారు. అది రికాబుల దాకా కూరుకుపోయి, పది పదిహేను అంగల్లో అలసిపోతే పక్కకు తప్పించి మరొకదాన్ని తెచ్చేవారు. మిగతా సేన, అందులో పేరున్న బేగులు, వీరులు కూడా, గుర్రం దిగకుండా తలలు వంచుకుని సిద్ధమైన బాట మీద వచ్చారు. బాబర్ వారిని ఏమీ అనలేదు. అది ఆజ్ఞలు జారీచేసే సమయం కాదనీ, తెగువ ఉన్నవాడు తనంత తానే దిగాలనీ ఆయనకు తెలుసు. మంచుకు రాజెవరో బంటెవరో ఏం తెలుసు?

జిర్రీన్ కనుమ అడుగున ఒక గుహ దగ్గరికి చేరేసరికి భయంకరమైన మంచు తుఫాను పట్టుకుంది. అందరికీ చావు కళ్ళముందు కనిపించింది. గుహ చూడబోతే చిన్నదిగా ఉంది. సేన ఇంకా సన్నటి బాట వెంట ఒక్కొక్కరుగా వస్తూనే ఉంది. కొందరు గుర్రాల మీదే తెల్లవార్లూ ఉండిపోవలసి వచ్చింది. బాబర్ పార తీసుకుని జానమాజంత చోటు తవ్వుకున్నాడు. రొమ్ము లోతు తవ్వినా నేల తగల్లేదు, గాలి మాత్రం కాస్త తగ్గింది. అందులో కూర్చున్నాడు. గుహలోకి రమ్మని ఎంత బతిమాలినా కదల్లేదు. తనవాళ్ళు మంచులో ఉండగా తాను వెచ్చగా పడుకోవడం మనిషితనం కాదనుకున్నాడు. మిత్రుల సరసన చావు వచ్చినా అది పండగేనన్న అర్థం గల పార్సీ సామెత ఒకటి ఆయన మనసులో మెదిలింది. ఇషా వేళ దాకా అలాగే ఉన్నాడు. తల మీద, వీపు మీద, చెవుల మీద మంచు మందంగా పేరుకుంది. ఆ రాత్రి చలి చెవులకు సోకింది.

అప్పుడు ఎవరో లోపలికి పోయి బాగా చూసి, గుహ విశాలంగా ఉందని, అందరికీ చోటుందని కేక వేశారు. అది విన్నాకే బాబర్ మంచు దులుపుకుని లేచాడు, దగ్గరున్నవారందరినీ పిలిచాడు. యాభై అరవై మంది హాయిగా పట్టారు. చల్లారిన మాంసం, వేపుడు గింజలు, ఎవరి దగ్గర ఏముంటే అది తెచ్చి పంచుకున్నారు.

మర్నాడు తుఫాను ఆగింది. కనుమ దాటి దిగిన రాత్రి చలి ఇంకా ఘోరం. సేవిందుక్ తుర్క్‌మాన్‌కు చేతులు, అహీకి పాదాలు మంచుకాటుకు పోయాయి. ఇంత మంచులో ఆ కనుమను ఎవరైనా దాటినట్టు అక్కడి ముసలివారికి కూడా గుర్తు లేదు. విచిత్రమేమిటంటే ఆ మంచు లోతే వారిని కాపాడిందని బాబర్ గమనించాడు. లేకుంటే దారి కాని ఆ వాలుల్లో గుర్రాలు మొదటి లోయలోనే పడిపోయేవి. ఇషా వేళకు యకావులంగ్ గ్రామం చేరారు. పల్లె జనం తమ వెచ్చని ఇళ్ళు ఇచ్చి, బలిసిన గొర్రెలు, గుర్రాలకు గడ్డి, నిప్పుకు కట్టెలు తెచ్చి పెట్టారు.

ఇంతటి బాబర్‌ను దేవదూతగా నిలబెట్టాలని మన ఉద్దేశం కాదు. కొన్నాళ్ళకే దారిలో హజారాల గుడారాలపై పడి వారి మందలను పట్టుకున్నాడు. చిక్కిన పద్నాలుగు పదిహేను మందిని చిత్రహింస పెట్టి ఇతరులకు గుణపాఠం చేయాలనుకున్నాడు. వారిని వదిలిపెట్టింది ఖాసిం బేగ్, ఆ కొండదారి పట్టించిన ఖాసిం బేగే. అది వేళకాని జాలి అని బాబర్ విసుక్కున్నాడు. మనకు మాత్రం ఇక్కడ ఖాసిం బేగే నచ్చుతాడు.

కాబూల్‌లో మరో ఆపద కాచుకుని ఉంది. బాబర్ హెరాత్‌లో బందీ అయ్యాడని పుకారు పుట్టించి, తల్లి తరఫు బంధువులే మరొకరిని గద్దెనెక్కించబోయారు. బాబర్ వచ్చి తిరుగుబాటును అణిచాడు. కుట్రలో ఉన్న పినతల్లి భర్త మహమ్మద్ హుసేన్ మీర్జా పరుపుల మధ్య దాక్కుని దొరికాడు. ఆయన్ను ప్రాణాలతో ఖురాసాన్ వెళ్ళనిచ్చాడు.

ఈ కథంతా మన చేతికి అందడం కూడా ఒక తుఫానును దాటుకునే. 1529 రంజాన్‌లో బాబర్ తూర్పు దండయాత్రలో గంగా, సరయూ నదుల ప్రాంతంలో ఉన్నాడు. ఒక రాత్రి తరావీహ్ ముగిశాక రాసుకోవడానికి కూర్చోగా వానకాలపు గాలివాన విరుచుకుపడి గుడారం ఆయన నెత్తిన కూలింది. దెబ్బ తగల్లేదు, కాగితాలు మాత్రం నీట నానిపోయాయి. ఏరి ఉన్ని తివాచీ మడతల్లో పెట్టి పైన కంబళ్ళు కప్పారు. గాలి తగ్గాక దీపం వెలిగించి, కష్టం మీద నిప్పు రాజేసి, తెల్లవారే దాకా నిద్రపోకుండా ఒక్కొక్క కాగితాన్నే ఆరబెట్టారు. మరుసటి ఏడాది డిసెంబరు 26న ఆగ్రాలో ఆయన కన్నుమూశాడు. కొన్నేళ్ళ తర్వాత ఆయన భౌతికకాయాన్ని కాబూల్‌లో ఆయన ఇష్టపడ్డ తోటకు చేర్చారు.