మూడోసారి పాసైన విద్యార్థి: యల్లాప్రగడ సుబ్బారావు



యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీరు వినే ఉంటారు. ఆయన మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారన్న సంగతి మాత్రం పిల్లలకు మనం అంతగా చెప్పం.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నతనంలో చదువు మీద మనసు నిలవలేదు. కాశీ యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదిద్దామని ఇల్లు విడిచి బయలుదేరితే, తల్లి వెంకమ్మ గారు వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖాదీ వేసుకున్నందుకు ఆంగ్లేయ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులను బలితీసుకుంది.

1920ల మొదట్లో అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో రాత్రిళ్లు ఆసుపత్రిలో చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో నిలదొక్కుకున్నారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. సోదరులను పొట్టనపెట్టుకున్న స్ప్రూకు అది మందుగా పనికొచ్చింది. తర్వాత ఫోలిక్ ఆసిడ్ పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ కూడా అక్కడే తయారైంది. డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే, 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ ఫలితాలు వెలువడిన 1948లోనే, ఆగస్టులో, 53 ఏళ్లకు సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఆయన పని అక్కడితో ఆగలేదు. 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు యాంటీబాడీ తయారుచేసే ఎలుక కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపారు. కలవకుండా మిగిలిపోయిన క్యాన్సర్ కణాలను చంపడానికి వాడింది ఈ అమినోప్టెరిన్‌నే. కలిసిన కణాలు మాత్రం బతికి, ఒకే రకం యాంటీబాడీని ఎంతకాలమైనా ఇస్తూ ఉంటాయి.

ఈ దారిలో వచ్చినదే 1984లో ప్రకటించిన సీడీ34 యాంటీబాడీ. రక్తాన్ని పుట్టించే మూలకణాల పైపొర మీద సీడీ34 అనే గుర్తు ఉంటుంది. యాంటీబాడీ వెళ్లి దానికి అతుక్కుంటుంది. యాంటీబాడీకి మెరిసే రంగు తగిలిస్తే, లేజర్ కాంతిలో యంత్రం ఆ కణాలను లెక్కపెడుతుంది. రోగికి ఎక్కించడానికి దాత నుంచి తీసిన మూలకణాలు సరిపోతాయో లేదో ఈ లెక్కతోనే తేలుతుంది.

మన విద్యానగర్‌లో మార్కుల మాట రాని ఇల్లుండదు. ఈసారి ప్రోగ్రెస్ కార్డు చేతికొచ్చినప్పుడు, ఎన్ని తగ్గాయని అడిగే ముందు ఏ పాఠం అర్థం కాలేదో అడగండి. కాశీ దారి పట్టిన కొడుకును వెంకమ్మ గారు వదిలేయలేదు. మళ్లీ బడికి పంపారు. మీ పిల్లలకూ ఆ రెండో అవకాశం, అవసరమైతే మూడోదీ, మీరే ఇవ్వాలి.