స్టీఫెన్ హిస్లాప్

స్టీఫెన్ హిస్లాప్ (సెప్టెంబరు 8, 1817 - సెప్టెంబరు 4, 1863) స్కాట్లండు దేశస్థుడైన క్రైస్తవ మిషనరీ, విద్యావేత్త, భూగర్భ శాస్త్రజ్ఞుడు. నాగపూరు కేంద్రంగా పనిచేశాడు. ప్రాణహిత-గోదావరి లోయలోని శిలాజాలు శాస్త్రలోకం దృష్టికి రావడానికి తొలినాళ్ళలో కృషి చేసినవారిలో ఇతడు ముఖ్యుడు. తెలంగాణలో డైనోసార్ల అస్థికలు బయల్పడింది ఈ లోయలోనే.

జీవితము

హిస్లాప్ స్కాట్లండులోని డన్స్ పట్టణంలో జన్మించాడు. 1844 డిసెంబరులో బొంబాయి చేరి, మరుసటి సంవత్సరం నాగపూరు వచ్చాడు. 1846లో అక్కడ ఒక పాఠశాల స్థాపించాడు. 1883లో ప్రారంభమైన కళాశాలకు ఇతని పేరే పెట్టారు.

శిలాజ పరిశోధన

మత ప్రచారమూ, పాఠశాల బాధ్యతలూ పోగా మిగిలిన వేళల్లో హిస్లాప్ రాళ్ళను పరిశీలించేవాడు. సహచరుడు రాబర్ట్ హంటర్‌తో కలిసి నాగపూరు పరిసరాల భూగర్భ స్థితిపై వ్రాసిన వ్యాసం 1855లో లండనులో ప్రచురితమైంది. వీరి కృషితో వెలుగుచూసిన మంగళి గ్రామపు ఉభయచర కపాలానికి రిచర్డ్ ఓవెన్ 1855లో బ్రాకియోప్స్ అని పేరు పెట్టాడు. నాగపూరుకు దక్షిణాన, నేటి తెలంగాణలో ఉన్న మలేడి (మలేరి) ప్రాంతపు చేప దంతాలను థామస్ ఓల్డ్‌హామ్ 1859లో వర్ణించి, అందులో ఒక జాతికి హిస్లాప్ పేరు పెట్టాడు. హిస్లోపైట్ అనే ఖనిజం, హిస్లోపియా అనే మంచినీటి జీవి కూడా ఇతని పేరు మీదనే ఉన్నాయి.

శిలాజాలు అన్ని రాళ్ళలోనూ దొరకవు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో మనకు కనిపించే గుట్టలు గ్రానైటు, నైస్ శిలలవి. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటివి కనుక వాటిలో డైనోసార్లను వెదకడం వృథా. ప్రాణహిత లోయలో మాత్రం నదులు తెచ్చిన ఇసుక, బురద పొరలు పొరలుగా పేరుకొని, చనిపోయిన జంతువుల ఎముకలను కప్పివేశాయి. ఇటువంటి పొరలకే 1872లో మెడ్లికాట్ గోండుల పేరు మీదుగా గోండ్వానా అని నామకరణం చేశాడు.

గోండుల అధ్యయనము, మరణము

ఆ గోండుల భాష, గాథలు, ఆచారాలను కూడా హిస్లాప్ శ్రద్ధగా సేకరించాడు. శిలాజాల కంటే ఇదే ఇతని గొప్ప పని అనవచ్చు. కాని పుస్తకంగా తీర్చిదిద్దే అవకాశం దక్కలేదు. 1863 సెప్టెంబరు 4న, టాకల్‌ఘాట్ వద్ద పురాతన శిలావలయాలను చూసి గుర్రంపై ఒంటరిగా తిరిగివస్తూ, పొంగిన వాగులో మునిగి మరణించాడు. నాలుగు రోజులు గడిస్తే నలభై ఆరేళ్ళు నిండేవి. సరీసృపాల దంతాలు, ఎముకలపై ఇతని వ్యాసం 1864లోను, గోండుల గురించిన వ్రాతప్రతులు రిచర్డ్ టెంపుల్ సంపాదకత్వంలో 1866లోను వెలువడ్డాయి.

తదనంతర పరిశోధనలు

1885లో రిచర్డ్ లైడెకర్ మలేరి శిలల్లోని మొసలివంటి సరీసృపానికి పారాసూకస్ హిస్లోపి అని పేరు పెట్టాడు. అవే శిలల నుంచి శంకర్ ఛటర్జీ 1987లో ఒక చిన్న డైనోసార్‌ను వర్ణించాడు. దవడ ముక్క, కొన్ని వెన్నుపూసలు, తొడ ఎముక వంటి కొద్దిపాటి అవశేషాలే దానికి ఆధారం. 1994 నుంచి దానిని ఆల్వాకేరియా అంటున్నారు. అంతకన్నా తరువాతి కాలపు కోట శిలల నుంచి భారీ శాకాహారులు వచ్చాయి. వాటిలో బారాపాసారస్‌కు 1975లో, యామనపల్లిలో దొరికిన కోటాసారస్‌కు 1988లో నామకరణం జరిగింది. కోటాసారస్ అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు.