జామియాను మోసిన మాస్టరు: డాక్టర్ జాకిర్ హుసేన్ సాహెబ్

ప్రతి సంవత్సరం ఈ సంచికకు ఎవరో ఒక పెద్దమనిషి జీవితం వ్రాయమని సంఘం పెద్దలు మమ్మల్ని అడుగుతూ ఉంటారు. ఈసారి డాక్టర్ జాకిర్ హుసేన్ సాహెబ్ గురించి వ్రాయదలచినాము. రాష్ట్రపతిగా ఆయన పేరు మన పిల్లలకు తెలుసు. జనరల్ నాలెడ్జి పుస్తకంలో అది ఒక లైను. ఆ ఒక్క లైను వెనుక ఇరవైరెండేండ్లు ఒక విద్యాసంస్థను భుజాన మోసిన మాస్టరు ఉన్నాడు. మేము కూడా బడిపంతుళ్ళమే గనుక మాకు రాష్ట్రపతి కంటే ఆ మాస్టరే ముఖ్యం.

ఆయన పుట్టింది మన హైదరాబాదులోనే, 1897 ఫిబ్రవరి 8న. పూర్వీకులు ఉత్తరదేశంలో ఫరూఖాబాద్ జిల్లా ఖాయంగంజ్ పఠానులు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ సాహెబ్ వకీలు వృత్తి మీద హైదరాబాదు వచ్చి బాగా సంపాదించినారు. అయితే 1907లో ఆయన కాలం చేసేసరికి కుటుంబం తిరిగి ఖాయంగంజ్ చేరింది. 1911లో ప్లేగు వచ్చి తల్లిని కూడా తీసుకుపోయింది. అప్పటికి జాకిర్ మియా ఇటావా ఇస్లామియా హైస్కూలులో చదువుతున్న పిల్లవాడు. అక్కడినుండి 1913లో సర్ సయ్యద్ స్థాపించిన అలీఘడ్ కాలేజీలో చేరినారు.

1920లో గాంధీజీ, అలీ సోదరులు అలీఘడ్ వచ్చి, సర్కారు డబ్బుతో నడిచే చదువు మానండని విద్యార్థులను కోరినారు. జాకిర్ సాహెబ్ అప్పటికే చదువుతూ చదువు చెబుతూ ఉండినారు, మంచి భవిష్యత్తు ఎదురుగా ఉండినది. అయినా బయటికి వచ్చినవారిలో ఆయన ఒకరు. అదే సంవత్సరం అక్టోబరు 29న అలీఘడ్‌లోనే జామియా మిల్లియా ఇస్లామియా మొదలైనది. హకీం అజ్మల్ ఖాన్ సాహెబ్ ఛాన్సలరు, మౌలానా ముహమ్మద్ అలీ మొదటి షేఖుల్ జామియా, అంటే వైస్ ఛాన్సలరు. మొదట్లో డేరాలలో పాఠాలు జరిగినవంటే అతిశయోక్తి కాదు.

1922లో జాకిర్ సాహెబ్ పై చదువుకు జర్మనీ వెళ్ళినారు. బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నారు. అక్కడ కావియానీ ప్రెస్సులో గాలిబ్ దీవాన్‌ను చిన్న సైజులో ముద్రించడానికి తానే అక్షరాలు పేర్చినారట. చేతిపని మీద ఆయనకు గల గౌరవం అప్పటినుండే కనిపిస్తుంది.

ఈలోగా ఇక్కడ పరిస్థితి తలక్రిందులైనది. 1924లో టర్కీలో ఖిలాఫత్ రద్దు అయ్యింది. ఆ ఉద్యమం మీద వచ్చే చందాలు ఆగిపోయినవి. జామియాను మూసివేద్దామని చాలామంది పెద్దలు అనుకున్నారు. గాంధీజీ మాత్రం అవసరమైతే తానే జోలె పట్టుకుంటానని హకీం సాహెబుకు ధైర్యం చెప్పినారు. బెర్లిన్‌నుండి జాకిర్ సాహెబ్, ఆబిద్ హుసేన్, ముహమ్మద్ ముజీబ్ ముగ్గురూ, మూయవద్దు, మేము వచ్చి పనిచేస్తామని కబురు పంపినారు. 1925లో జామియా ఢిల్లీ కరోల్ బాగుకు మారింది. 1926లో ఆ ముగ్గురూ వచ్చి చేరినారు. షేఖుల్ జామియా అయ్యేనాటికి జాకిర్ సాహెబుకు 29 ఏండ్లు. డాక్టరేటు చేతిలో ఉంది, ఎక్కడికి పోయినా పెద్ద జీతం. ఆయన చేరినది అప్పులున్న అద్దె ఇండ్లలోని బడికి.

1927 డిసెంబరులో హకీం అజ్మల్ ఖాన్ సాహెబ్ పోయినారు. ఉన్న ఒక్క పెద్ద ఆధారం పోయింది. అప్పుడు చేసిన పని గురించే మేము ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పదలచినది. 1928లో ఉపాధ్యాయులే ఒక సంఘంగా ఏర్పడి, ఇరవై ఏండ్లపాటు నెలకు నూటయాభై రూపాయలకు మించకుండా తీసుకొని పనిచేస్తామని ప్రమాణం చేసినారు. నూటయాభై అన్నది పైహద్దు మాత్రమే. చేతికి వచ్చేది అంతకంటే బాగా తక్కువ, అదీ నెలనెలా వస్తుందన్న నమ్మకం లేదు. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ప్రమాణం మీద సంతకాలు మగవారివి. ఆ ప్రమాణం నడిపినది ఇంట్లో పొయ్యి వెలిగించే ఆడవారు. జాకిర్ సాహెబ్ బేగం షాజహాన్ బేగం గారు ఆ జీతంతోనే అతిథులకు కూడా అన్నం పెట్టినారు. చరిత్ర పుస్తకాలలో ఆమెకు రెండు లైన్లు కూడా దొరకవు.

డబ్బు కోసం ఆయన నవాబుల తలుపులు తట్టినారు, హైదరాబాదు కూడా వచ్చినారు. అయితే పెద్ద దాతలు ఎప్పుడు ఏ షరతు పెడతారో తెలియదు. అందుకని హమ్దర్దానే జామియా అనే పద్ధతి పెట్టి, ఊరూరా సామాన్యులనుండి చిన్నచిన్న చందాలు వసూలు చేయించినారు. షఫీఖుర్రహ్మాన్ కిద్వాయి సాహెబ్ ఈ పనిలో కుడిభుజం. మన సంఘంలో చందా పుస్తకం పట్టుకొని తిరిగేవారికి ఆ కష్టం వేరే చెప్పనక్కరలేదు.

ఆ రోజుల సంగతి ఒకటి తలచుకుంటే మాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఆయన మిఠాయి పంచుతున్నారు. ఇంటినుండి మనిషి వచ్చి మూడేండ్ల కూతురు రెహానాకు ఒంట్లో బాగాలేదని చెవిలో చెప్పినాడు. ఆయన పంచుతూనే ఉన్నారు. కొంతసేపటికి మళ్ళీ మనిషి వచ్చినాడు, బిడ్డ పోయిందని. ముఖం పాలిపోయింది, చేయి ఆగలేదు. పిల్లలు అంత సంతోషంగా ఉంటే ఆపబుద్ధి కాలేదని తరువాత చెప్పినారట. కొన్నాళ్ళదాకా తెల్లవారేసరికి ఆయన దిండు తడిసి ఉండేదని ఇంటివారు చెప్పుకున్నారు. ఇది గొప్పతనమా, ఇంటివారి పట్ల కాఠిన్యమా అని మా స్టాఫ్ రూములో ఒకసారి పెద్ద వాదన జరిగింది. మేము ఇంతవరకు తేల్చుకోలేదు. ఉర్దూ ఇండ్లలో తెలిసిన ‘అబ్బూ ఖాన్ కీ బక్రీ’ వంటి పిల్లల కథలు వ్రాసినప్పుడు ఆయన ఆ బిడ్డ పేరు కలిపి రుఖయ్యా రెహానా అనే కలం పేరు పెట్టుకున్నారు.

1935 మార్చి 1న ఓఖ్లాలో సొంత భవనానికి పునాది పడింది. మన వైపు పునాదిరాయి అంటే మంత్రి రావలె, శిలాఫలకం మీద పది పేర్లు ఉండవలె. అక్కడ రాయి వేసినది జామియాలో అందరికంటే చిన్న పిల్లవాడు! క్రమంగా బడి, కాలేజీ, మక్తబా అనే పుస్తక ప్రచురణ శాఖ, 1938లో ఉపాధ్యాయ శిక్షణ, వయోజన విద్య, ఇట్లా సంస్థ పెరిగింది. గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే జర్మన్ యూదు మహిళ వచ్చి పసిపిల్లల పని చూసుకున్నారు. ఆపాజాన్ అని పిలిపించుకొని, 1943లో ఇక్కడే కన్నుమూసినారు.

1937లో వార్ధాలో గాంధీజీ విద్యాసభ జరిపి, జాకిర్ సాహెబ్ అధ్యక్షతన కమిటీ వేసినారు. ఏడేండ్ల నిర్బంధ విద్య, మాతృభాషలో, ఒక చేతిపని ఆధారంగా. ముస్లిం లీగు దీన్ని గట్టిగా ఎదిరించింది, ఆయనను కూడా విమర్శించింది. ఆయనకు మాత్రం వేరే భయం ఉండినది. పిల్లల చేతిపనితోనే బడి ఖర్చు గడవవలెనంటే బడి కార్ఖానా అవుతుందని. ఆ హెచ్చరిక నివేదికలోనే చేర్చినారు. స్వాతంత్ర్యం తరువాత ఆ పథకం అమలైన తీరు చూసి మోసంగా మారిందని ఆయనే బాహాటంగా అన్నారు. మార్కాపురం పలకలతో దేశమంతా అక్షరాలు దిద్దింది. ఆ పలక చెక్కే షెడ్లలో బడి మానిన పిల్లలను చూసిన మాకు, చేతిపని చదువుకూ చదువులేని చేతిపనికీ తేడా ఎంతో తెలుసు.

1946 నవంబరులో జామియా రజతోత్సవం. దేశమంతా మతకలహాలు. నెహ్రూ, ఆజాద్, జిన్నా, లియాఖత్ అలీ ఒకే వేదిక మీద కూర్చున్నారు. అట్లా కూర్చోబెట్టడం మరొకరి వల్ల అయ్యేది కాదు. ముందు ఈ మంట ఆర్పండని ఆయన వారిని ముఖాముఖి వేడుకున్నారు. మంట ఆరలేదు. 1947లో కరోల్ బాగులోని మక్తబా పుస్తకాలు కాలిపోయినవి. ఆ ఆగస్టులో కాశ్మీరుకు పోతూ జలంధర్ స్టేషనులో ఆయన ప్రాణమే పోవలసినది. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి కాపాడినారు.

ఇరవై ఏండ్ల ప్రమాణం 1948తో తీరింది. అదే సంవత్సరం, తాను 1920లో వదలి వచ్చిన అలీఘడ్‌కే వైస్ ఛాన్సలరుగా పోయినారు. జామియావారికి అది బాధ కలిగించే ఉంటుంది. కానీ అప్పటి అలీఘడ్‌నుండి ఎందరో పాకిస్తాన్ వెళ్ళిపోయినారు, మిగిలినవారిని దేశం అనుమానంగా చూస్తున్నది. 1956 వరకు అక్కడ ఉండి ఆ విశ్వవిద్యాలయానికి మళ్ళీ పరువు తెచ్చినారు, గులాబీలు కూడా నాటించినారు. మన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970 వరకు కర్నూలు జిల్లాలోనివి గదా. 1947లో కర్నూలు ఉస్మానియా కాలేజీ స్థాపించిన డాక్టర్ అబ్దుల్ హఖ్ సాహెబ్ కూడా ఆ కాలపువారే. ఆయన జీవితం ఇంకొక సంచికకు ఉంచుకున్నాము.

తరువాతి సంగతులు అందరికీ తెలిసినవే. 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967 మే 13న రాష్ట్రపతి. పదవిలో ఉండగానే 1969 మే 3న ఢిల్లీలో కాలం చేసినారు. ఓఖ్లాలో, జామియా మసీదుకూ గ్రంథాలయానికీ నడుమ ఆయనను ఖననం చేసినారు. క్లాసులకు పోయే పిల్లలు ఆ ప్రక్కగానే నడిచిపోతూ ఉంటారు.